శారదా చట్టం – మన ఇంటి పెళ్లిళ్లు



వానాకాలంలో ఒకనాడు శంకర్‌పల్లి దగ్గరి ఊరినుంచి ఒక ముసలవ్వ తన మనుమడి భార్యను వెంటబెట్టుకొని ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. ఆ పిల్లకు అయిదో నెల. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. రక్తం పరీక్ష చేయిస్తే ఏడున్నర గ్రాములు వచ్చింది. గర్భిణికి కనీసం పదకొండు ఉండాలి. వయసు అడిగితే "మొన్ననే పద్దెనిమిది నిండినై" అన్నది. అంటే పదహారేళ్లకే పెళ్లయిందన్న మాట.

"అవ్వా, ఇంత చిన్నప్పుడే ఎందుకు చేశారు?" అని అడిగాను.

"నాకు పన్నెండేళ్లకే లగ్గమైంది సారూ. నాకేమైంది? మంచిగనే ఉన్న గద" అన్నది అవ్వ.

"ఎంతమందిని కన్నావవ్వా?"

"ఏడుగురిని."

"ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?"

అవ్వ కాసేపు మాట్లాడలేదు. వేళ్లు ముడిచి లెక్కపెట్టుకొన్నది. "నలుగురు" అన్నది.

పోయిన ముగ్గురి సంగతి నేను అడగలేదు. అవ్వే చెప్పింది. మొదటి ఇద్దరూ పురిట్లోనే పోయారట. "దేవుడు తీస్కపోయిండు" అన్నది. ఆ ఇద్దరినీ ఆమె పదహారేళ్లు నిండకముందే కన్నది.

అవ్వకు పెళ్లయిన నాటికే ఈ దేశంలో చిన్నపిల్లల పెళ్లిళ్లు నేరమని చెప్పే చట్టం ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పినవారు లేరు. దానినే మన పెద్దలు శారదా చట్టం అంటారు. అది ఎట్లా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, ఈనాడు మన ఇళ్లకు దానితో ఏమి పని – ఈ పాఠంలో తెలుసుకొందాం.

శారద ఎవరు?

శారదా చట్టం అనగానే చాలామంది శారద అనే ఆమె తెచ్చిన చట్టం అనుకొంటారు. అది నిజం కాదు. దీనిని తెచ్చినది హరవిలాస్ సార్దా అనే పెద్దమనిషి. రాజస్థాన్‌లోని అజ్మీరు ఆయన ఊరు. సార్దా అనేది ఇంటిపేరు. మన నోట అది శారద అయింది. చట్టం అసలు పేరు బాల్య వివాహ నిరోధక చట్టం, 1929.

సార్దాగారు 1927లో ఢిల్లీ శాసనసభలో ఈ బిల్లును ప్రవేశపెట్టారు. మొదట అది హిందువులకు మాత్రమే ఉద్దేశించినది. చర్చలు జరిగిన తరువాత అన్ని మతాల వారికీ వర్తించేటట్లు మార్చారు. మధ్యలో ప్రభుత్వం 1928లో మోరోపంత్ జోషి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం దేశమంతా తిరిగి డాక్టర్లను, లాయర్లను, పండితులను, స్త్రీలను విచారించింది. చిన్న వయసు కాన్పుల్లో తల్లులు ఎట్లా చనిపోతున్నారో, బతికినవారు ఎట్లా చిక్కి శల్యమవుతున్నారో డాక్టర్లు చెప్పారు. 1917లో మద్రాసులో పుట్టిన మహిళా సంఘం, 1927లో మొదలైన అఖిల భారత మహిళా సభ ఈ బిల్లు కోసం గట్టిగా పట్టుబట్టాయి. ఒక చట్టం కోసం మన స్త్రీలు దేశమంతటా కలిసి అడగడం అదే మొదలు అని చెప్పవచ్చు.

అంతకు ముందు ఎట్లా ఉండేది?

1889లో కలకత్తాలో ఫూల్‌మణి అనే పది పదకొండేళ్ల పిల్ల భర్త చేతిలో గాయపడి చనిపోయింది. దేశమంతా అల్లకల్లోలమైంది. ఆ తరువాత 1891లో వచ్చిన చట్టం పన్నెండేళ్లు నిండని భార్యతో కాపురం చేయరాదని చెప్పింది. పెళ్లికి మాత్రం వయసు పెట్టలేదు. ఉయ్యాలలో పిల్లకు కూడా తాళి కట్టవచ్చు.

ఇది ఎక్కడో బెంగాల్ సంగతి అనుకోకండి. గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కం" నాటకం మీలో చాలామంది వినే ఉంటారు. 1897లో అచ్చయిన ఆ పుస్తకం ముందుమాటలో కొన్ని లెక్కలున్నాయి. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబాలలో డబ్బు పుచ్చుకొని చేసిన పెళ్లిళ్ల జాబితా రాయించారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. వాటిలో పెళ్లికూతుళ్ల వయసు చూడండి:

అయిదేళ్ల పిల్లలు – 99 మంది
నాలుగేళ్ల పిల్లలు – 44 మంది
మూడేళ్ల పిల్లలు – 36 మంది
రెండేళ్ల పిల్లలు – ఆరుగురు
ఏడాది పిల్లలు – ముగ్గురు

ఏడాది పిల్లకు పెళ్లి! ఆ ముసలి పెళ్లికొడుకు రేపు చనిపోతే ఆ పసిపిల్ల జీవితాంతం విధవగా బతకవలసిందే. అందుకే కందుకూరి వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. బాల్యవివాహం ఉన్నంతకాలం బాలవితంతువులు ఉంటారని ఆయనకు తెలుసు.

చట్టంలో ఏముండేది?

సార్దాగారి బిల్లు 1929 సెప్టెంబరులో సభలో గెలిచింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి:

1. ఆడపిల్లకు 14 ఏళ్లు, మగపిల్లవానికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయరాదు.
2. చిన్నపిల్లను చేసుకొన్న పెద్దవానికి, చేసిన తల్లిదండ్రులకు, జరిపించిన పురోహితునికి లేదా ఖాజీకి శిక్ష. శిక్ష ఒక నెల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తప్పు చేసినది స్త్రీ అయితే జైలు లేదు.
3. జరిగిన పెళ్లి మాత్రం చెల్లుతుంది.

ఈ మూడో అంశం దగ్గరే చట్టం బలహీనపడింది. జరిమానా కడితే సరి, పెళ్లి పెళ్లిగానే ఉంటుంది. పైగా ఎవరో ఒకరు ఏడాదిలోపల కోర్టుకు వెళ్లి ఫిర్యాదు చేయాలి. పోలీసులు తమంతట తాము రారు. ఫిర్యాదు చేసేవాడు 100 రూపాయల వరకు పూచీ రాసివ్వాలి. ఊళ్లో పెద్దింటి పెళ్లి మీద అంత ధైర్యంగా ఎవరు వెళతారు? జరగబోయే పెళ్లిని ముందుగానే ఆపే అధికారం కోర్టుకు 1938లో గాని రాలేదు.

ఆరు నెలల తొందర, యానాం దారి

చట్టం గెలవడానికి, అమలు కావడానికి మధ్య ఆరు నెలలు వ్యవధి ఉంది. ఆ ఆరు నెలల్లో దేశమంతటా పెళ్లిపందిళ్లు లేచాయి. "ఏప్రిల్ వస్తే చేయనీయరట" అని పాలు తాగే పిల్లలకు కూడా ముడిపెట్టారు. 1931లో జనాభా లెక్కలు తీస్తే, పదిహేనేళ్ల లోపే పెళ్లయిన ఆడపిల్లల సంఖ్య పదేళ్ల కిందటి కంటే బాగా ఎక్కువగా తేలింది. పెళ్లిళ్లు తగ్గించడానికి వచ్చిన చట్టం మొదటి ఏడాది పెళ్లిళ్లను పెంచింది!

ఏప్రిల్ తరువాత గోదావరి జిల్లాల వారు ఇంకో దారి కనిపెట్టారు. కాకినాడకు దగ్గరలో, గౌతమీ గోదావరి ఒడ్డున యానాం అనే చిన్న ఊరుంది. అది 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండేది. ఇంగ్లీషువారి చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపట్ల ఊళ్ల నుంచి కుటుంబాలు పిల్లలను తీసుకొని యానాం వెళ్లి, అక్కడ తాళి కట్టించి తిరిగి వచ్చేవారు. అట్లా జరిగిన పెళ్లిళ్ల వల్ల ఆ ఊరికి కల్యాణపురం అనే పేరే పడింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. వారెవరూ దుర్మార్గులు కారు. పిల్లల మేలు కోరేవారే. పరువు పోతుందని, మంచి సంబంధం తప్పిపోతుందని భయపడి పొలిమేర దాటారు. ఈనాడు మన ఊళ్లో పిల్లను రాత్రికి రాత్రి చుట్టాల ఊరికి తీసుకుపోయి గుడిలో తాళి కట్టించేవారు కూడా అదే భయంతో చేస్తున్నారు. యానాం ఫ్రెంచివారి చేయి దాటి చాలా కాలమైంది. మన మనసుల్లో యానాం ఇంకా ఉంది.

మన చేవెళ్ల వైపు సంగతి

అవ్వ పుట్టినింటి దాకా చట్టం ఎందుకు రాలేదు? కారణం ఉంది. శారదా చట్టం ఇంగ్లీషువారి పాలనలో ఉన్న ప్రాంతాలకు మాత్రమే. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ నిజాం రాజ్యంలోనివి. వాడి నుంచి వచ్చే రైలు మన శంకర్‌పల్లి మీదుగానే హైదరాబాదుకు పోయేది గాని, ఆ చట్టం మాత్రం ఇక్కడ దిగలేదు. సంస్థానాలన్నీ ఇట్లాగే ఉన్నాయని కాదు. మైసూరులో 1894లోనే, బరోడాలో 1904లో బాల్యవివాహాల మీద చట్టాలు వచ్చాయి.

చట్టం లేకపోయినా మన వైపు ఆలోచించినవారు లేకపోలేదు. మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదు నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల పెట్టారు. 1930 మార్చిలో, అంటే శారదా చట్టం అమలుకు రావడానికి సుమారు ఒక నెల ముందు, సంగారెడ్డికి అవతల జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి సురవరం ప్రతాపరెడ్డిగారు అధ్యక్షులు. అక్కడే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. ఆడపిల్లల చదువు, బాల్యవివాహాలు, వితంతువుల కష్టాలు ఆ సభల వారు పట్టించుకొన్న విషయాలు. మన పొరుగున, మన భాషలో ఆ మాటలు తొంభై ఏళ్లకు పైగానే వినబడుతున్నాయి.

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ తరువాతనే దేశ చట్టాలు మన గ్రామాలకు వచ్చాయి. అయితే కాగితం మీద రావడం వేరు, గడపలోకి రావడం వేరు. అవ్వ పెళ్లి చట్టం వచ్చిన తరువాతి పెళ్లే.

"నాకు వద్దు" అన్న పిల్ల

1909లో రాజమండ్రిలో పుట్టిన ఒక పిల్లకు ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. పెళ్లంటే ఏమిటో ఆమెకు తెలియదు. తెలిసే వయసు వచ్చాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పింది. ఇంటివారు ఆమెకు అండగా నిలిచారు. ఆమె చదువుకొన్నది, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లింది, లాయరు అయింది, భారత రాజ్యాంగం రాసిన సభలో సభ్యురాలు అయింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు అయింది. ఆమే దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె పేరు మీది ఆసుపత్రిలో, ఆమె పెట్టిన సంస్థల్లో ఈనాటికీ వేలమంది స్త్రీలకు వైద్యం, చదువు అందుతున్నాయి.

ఆమె కాదన్న రోజున ఆమెకు తోడుగా ఏ చట్టమూ లేదు. తోడుగా నిలిచినది ఇల్లు. ఈనాడు చట్టం ఉంది. ఇల్లు కూడా తోడైతే మన పిల్లలు ఏమి కాగలరో చెప్పలేం.

వయసు ఎట్లా పెరిగింది?

1929 చట్టం అక్కడే ఆగలేదు. ఒక్కొక్క మెట్టు ఎక్కింది:

1929 – ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18
1949 – ఆడపిల్లకు 15
1978 – ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21
2006 – పాత చట్టం తీసివేసి కొత్త బాల్యవివాహాల నిషేధ చట్టం. ఇది 2007 నవంబరు 1 నుంచి అమలులో ఉంది.

కొత్త చట్టంలో వయసు మారలేదు గాని బలం పెరిగింది. శిక్ష రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పోలీసులు తామే కేసు పెట్టవచ్చు. తెలిసీ పెళ్లి జరిపించినవారికి, ప్రోత్సహించినవారికి, చూస్తూ ఊరుకొన్న పెద్దలకు కూడా శిక్ష ఉంది. పాత చట్టంలో లేని ఇంకొక ముఖ్యమైన మాట: చిన్నప్పుడు పెళ్లి చేయబడిన పిల్ల తనకు ఆ పెళ్లి వద్దని జిల్లా కోర్టును అడగవచ్చు. మేజరు అయిన తరువాత రెండేళ్లు నిండేలోపు ఈ హక్కు ఉంటుంది. దుర్గాబాయిగారు మనసు బలంతో చేసిన పనిని ఈనాడు ఏ పేదింటి పిల్ల అయినా చట్టం బలంతో చేయవచ్చు.

ఫలితం ఏమిటి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల స్త్రీలలో, పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు 2005–06లో దేశం మొత్తం మీద నూటికి 47 మంది. 2019–21 నాటికి నూటికి 23 మంది. సగానికి తగ్గింది. తెలంగాణలో కూడా 2019–21లో నూటికి 23కు పైగానే ఉన్నారు. అంటే నలుగురు ఆడపిల్లల్లో దాదాపు ఒకరు. మీ వాడలో నాలుగిళ్లు లెక్కపెట్టుకోండి. ఆ ఒక్కతె ఏ ఇంటి పిల్ల?

ఇంత తగ్గడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. ఊరికి బడి, బడికి బస్సు, హాస్టలు, ఆడపిల్ల చదివితే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం – ఇవన్నీ కలిశాయి. చట్టం గీత గీసింది. ఆ గీత దాకా పిల్లను నడిపించినది చదువు.

ఒళ్లు చెప్పే లెక్క

"పెద్దమనిషి అయింది గద, ఇంకేమి?" అంటారు కొందరు. రజస్వల కావడం అంటే శరీరం ఎదుగుదల మొదలైనదని అర్థం, పూర్తయినదని కాదు. ఆ తరువాత కూడా కొన్నేళ్లు ఎముకలు పెరుగుతాయి. బిడ్డ బయటికి వచ్చే దారిలోని కటి ఎముకలు అన్నిటికంటే నెమ్మదిగా ఎదుగుతాయి.

మామిడి అంటు పెట్టిన రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. అంటు మొక్క రెండో ఏడే పూత వేస్తుంది. తెలిసిన రైతు ఆ పూతను తుంచేస్తాడు. మొదటి మూడు నాలుగేళ్లు కాయనివ్వడు. కాయనిస్తే కొమ్మ వంగుతుంది, చెట్టు గిడసబారుతుంది. పూత వచ్చిందని కాపుకు తొందరపడని మనం, కూతురి విషయంలో మాత్రం తొందరపడుతున్నాం.

ఇరవై ఏళ్లలోపు కాన్పులో వచ్చే ప్రమాదాలు:

1. రక్తహీనత. పెరిగే తల్లికి, పెరిగే బిడ్డకు ఒకే రక్తం చాలదు. కాన్పులో కొద్దిగా రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది.
2. గుర్రపువాతం. రక్తపోటు పెరిగి, కాళ్లు ముఖం వాచి, ఫిట్స్ వస్తాయి. చిన్న వయసు తల్లుల్లో ఇది ఎక్కువ.
3. బిడ్డ అడ్డం తిరగకపోయినా దారి ఇరుకై కాన్పు కాకపోవడం. గంటల తరబడి నొప్పులు పడితే మూత్రపు సంచికి గాయమై, జీవితాంతం మూత్రం కారే స్థితి రావచ్చు.
4. నెలలు నిండకముందే కాన్పు, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డ. అటువంటి బిడ్డకు చలి, జ్వరం, విరేచనాలు ఏది వచ్చినా తట్టుకోలేదు.

ప్రశ్నలు – జవాబులు

"పేదవాళ్లం. పిల్ల ఇంట్లో ఉంటే భయం, ఖర్చు. ఏం చేయాలె?"

భయం నిజమే, దానిని తీసిపారేయలేం. కాని పదహారేళ్లకు పెళ్లి చేస్తే ఖర్చు తగ్గదు. ఆసుపత్రి ఖర్చు రూపంలో తిరిగి వస్తుంది. తెలంగాణలో 2014లో మొదలైన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల సాయం 2018లో 1,00,116 రూపాయలకు పెరిగింది. పెళ్లినాటికి పిల్లకు 18 ఏళ్లు నిండి ఉంటేనే ఆ సాయానికి అర్హత. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, గురుకులాల్లో ఉచితంగా చదువు, భోజనం, వసతి ఉన్నాయి.

"ఆడపిల్లకు 21 ఏళ్లు చేసిండ్రట, నిజమేనా?"

కాదు. 2021లో అటువంటి బిల్లు లోక్‌సభకు వచ్చింది గాని చట్టం కాలేదు. 2024లో ఆ లోక్‌సభతో పాటే రద్దయిపోయింది. చట్టం చెప్పేది ఆడపిల్లకు 18, మగవానికి 21.

"ఇప్పుడు పెళ్లి చేసి, పద్దెనిమిది నిండినాక కాపురానికి పంపితే తప్పేంది?"

తప్పే. తాళి కట్టడమే నేరం. అంతేకాదు, పద్దెనిమిదేళ్లు నిండని భార్యతో కాపురం చేయడం అత్యాచారం కిందికి వస్తుందని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెళ్లయిందన్న మాట అక్కడ రక్షించదు.

"పక్కింట్లో చిన్నపిల్ల పెళ్లి జరగబోతున్నది. మేము చెప్తే పగ పట్టరా?"

1098 అనే నంబరుకు ఫోను చేయండి. డబ్బు ఖర్చు కాదు, చెప్పినవారి పేరు రహస్యంగా ఉంచుతారు. అంగన్‌వాడీ టీచరుకు గాని, బడి పంతులుకు గాని, పోలీసు స్టేషనులో గాని చెప్పవచ్చు. పూచీ రాసివ్వవలసిన కాలం పోయింది.

"మాకు చిన్నప్పుడే పెళ్లయింది. ఆసుపత్రికి వస్తే కేసు పెడతరని భయం."

ఆ భయంతో ఇంట్లో కాన్పు చేసుకోకండి. తల్లి ప్రాణం కంటే పెద్దది ఏదీ లేదు. నెల తప్పిన వెంటనే పేరు నమోదు చేయించండి. వైద్యం అందించడం మా బాధ్యత.

ఇప్పటికే పెళ్లయిన మీకు

గడిచిన పెళ్లిని మార్చలేం. మొదటి కాన్పు ఎప్పుడన్నది మాత్రం ఇంకా మీ చేతిలో ఉంది. పెళ్లి వయసు చట్టం చెబుతుంది. బిడ్డ వయసు భార్యాభర్తలు కూర్చొని చెప్పుకోవాలి. పెళ్లయిన తరువాత కనీసం రెండేళ్లు ఆగండి. భార్యకు ఇరవై నిండిన తరువాతనే మొదటి బిడ్డను కనండి. బిడ్డకు బిడ్డకు మధ్య మూడేళ్ల ఎడం ఉంచండి. అందుకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరికే పద్ధతులు:

నిరోధ్ – భర్త వాడేది. సుఖరోగాల నుంచి కూడా కాపాడుతుంది.
మాలా-ఎన్ – రోజుకొక మాత్ర, మరవకుండా వేసుకోవాలి. పాలిచ్చే తల్లి మొదటి ఆరు నెలలు వాడరాదు.
ఛాయ – హార్మోను లేని మాత్ర. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లి కూడా వాడవచ్చు.
అంతర – మూడు నెలలకొక ఇంజెక్షను. ఆపిన తరువాత మళ్లీ నెల తప్పడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.
కాపర్-టి – అయిదేళ్లకు లేదా పదేళ్లకు పనిచేసేవి రెండు రకాలు. కాన్పయిన 48 గంటల్లోపు కూడా వేస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు.

ఏది ఎవరికి సరిపోతుందో నర్సమ్మ లేదా డాక్టరు పరీక్షించి చెబుతారు. ఎంచుకొనేది మాత్రం మీరే. ఎవరూ బలవంతం చేయరాదు. "పెళ్లయి ఏడాదైంది, ఇంకా కడుపు పండలేదా?" అని అత్తగారో చుట్టాలో అడిగితే భార్య ఒక్కతే జవాబు చెప్పుకోవాలా? "మేమిద్దరం ఆగుదామనుకొన్నం" అని భర్త చెప్పాలి. ఆ ఒక్క మాట ఇంట్లో ఎంతో బరువు దించుతుంది.

అవ్వ మళ్లీ వచ్చింది

ఆ పిల్లకు ఐరన్ ఇంజెక్షన్లు, మాత్రలు ఇచ్చాం. ఆకుకూర, పప్పు, గుడ్డు, బెల్లం పల్లీలు తినమన్నాం. మాత్ర వేసుకొన్నప్పుడు చాయ తాగవద్దన్నాం. పెద్ద ఆసుపత్రిలో కాన్పయింది. బిడ్డ కిలోన్నర కంటే కొంచెం ఎక్కువ. మూడు వారాలు పసిపిల్లల వార్డులో ఉంచవలసి వచ్చింది. భర్త టమాట తోట పని వదిలి ఆ మూడు వారాలూ వార్డు వరండాలోనే పడుకొన్నాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు.

నెల తరువాత టీకాకు తీసుకొచ్చినప్పుడు అవ్వ కూడా వచ్చింది. బిడ్డను ఒడిలో పెట్టుకొని చాలాసేపు చూసింది.

"సారూ, గప్పుడు నా మొదటి బిడ్డ కూడ గింతే ఉండె" అన్నది.

తరువాత చిన్నగా అడిగింది: "మా చిన్న మనుమరాలు పది సదువుతున్నది. సంబంధం వచ్చింది. ఏమనాలె?"

"నువ్వేమంటావవ్వా?"

"సదువుకోనీ అంట" అన్నది అవ్వ. "నా కొడుకు వినకపోతే నీ దగ్గరికి తోలుకొస్త."

1929లో రాసిన చట్టం ఆ ఇంటి గడప దాటడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ రోజు దానిని లోపలికి పిలిచినది పోలీసు కాదు, జడ్జి కాదు, అవ్వే.

గుర్తుంచుకోండి:

ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 నిండకుండా పెళ్లి లేదు.
ఇరవై నిండకుండా మొదటి కాన్పు వద్దు.
బిడ్డకు బిడ్డకు మధ్య మూడేళ్లు.
గర్భిణికి రక్తం పదకొండు గ్రాములకు తగ్గరాదు.
చిన్నపిల్లల పెళ్లి సంగతి తెలిస్తే 1098.

ఈ పుస్తకం చదివిన తరువాత దాచిపెట్టకండి. చదువు రాని అవ్వకు, అమ్మకు చదివి వినిపించండి. సందేహం ఉంటే భార్యాభర్తలిద్దరూ కలిసి మీ దగ్గరి ఆరోగ్య కేంద్రానికి రండి.